గాలి తగ్గిందంటే గ్యాస్ తగ్గినట్టేనా? ఏసీ టెక్నీషియన్ కావాలనుకునేవారికి

మార్చి దాటిందంటే ఏసీ మెకానిక్ ఫోనుకు తీరిక ఉండదు. వచ్చే ఫిర్యాదుల్లో ఒకటి మాత్రం ఏ ఊళ్లోనైనా వినిపిస్తుంది: "ఏసీ ఆన్‌లోనే ఉంది బాబూ, గాలి మాత్రం రావట్లేదు." దీనికి చాలామంది దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "గ్యాస్ అయిపోయిందమ్మా, పట్టించాలి." మూత తీసి చూడకుండా ఇచ్చే ఈ జవాబు తరచూ తప్పవుతుంది. ఈ పనిలోకి రావాలనుకునే విద్యార్థులకు నేను ముందుగా చెప్పేది ఇదే. గ్యాస్ పట్టడం ఎవరైనా త్వరగానే నేర్చుకుంటారు. గాలి ఎందుకు తగ్గిందో కనిపెట్టగలిగినవాళ్లకే పేరూ, నిలకడైన పనీ వస్తాయి.

గ్యాస్ తిరిగేది రాగి పైపుల్లో. గదిలోకి గాలిని తోసేది బ్లోయర్. గ్యాస్ తగ్గితే ముందు తగ్గేది చల్లదనమే తప్ప గాలి కాదు. అందుకే మొదటి ప్రశ్న స్క్రూడ్రైవర్ బయటికి తీయకముందే అడగాలి.

"గాలే తక్కువగా వస్తోందా అమ్మా, లేక గాలి బాగానే ఉండి చల్లగా లేదా?"

"మొదట బాగానే వస్తుంది బాబూ. గంటా గంటన్నరకి తగ్గిపోతుంది. కాసేపు ఆపి వేస్తే మళ్లీ వస్తుంది."

ఈ జవాబు విన్న మంచి మెకానిక్‌కు వెంటనే ఐసు గుర్తుకొస్తుంది. కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుని రేకుల మధ్య సందులు మూసుకుపోతున్నాయి. ఆపినప్పుడు అది కరిగి దారి తెరుచుకుంటోంది. అయితే ఐసు ఎందుకు కడుతుందనేదానికి కారణం ఒక్కటే ఉండదు. కాయిల్ మీదుగా చాలినంత గాలి పోకపోయినా కడుతుంది, గ్యాస్ తగ్గినా కడుతుంది. ఏది కారణమో తేలాలంటే ఫ్యాన్ మోడ్‌లో నడిపి ఐసంతా కరిగించాలి. దుమ్ము పట్టిన ఫిల్టర్ జాలీ కడగాలి, కాయిల్ శుభ్రం చేయాలి. గ్యాస్ ప్రెజర్ చూసే గేజ్ పెట్టడం ఆ తర్వాతే. ఐసు ఉండగా చూసిన ప్రెజర్‌ను నమ్మి గ్యాస్ ఎక్కిస్తే కొత్త జబ్బు తెచ్చిపెట్టినట్టే.

తర్వాత ఒక చిన్న డిజిటల్ థర్మామీటర్ చాలు. ఏసీ పైభాగంలో లోపలికి పోయే గాలి వేడి ఎంతో, కింద బయటికొచ్చే గాలి వేడి ఎంతో చూడాలి. ఆరోగ్యంగా ఉన్న స్ప్లిట్ ఏసీలో ఈ తేడా సుమారు 8 నుంచి 12 డిగ్రీలు ఉంటుంది. తేడా బాగా ఎక్కువగా ఉండి గాలి నీరసంగా వస్తుంటే గాలి దారిలోనే అడ్డు ఉందని అర్థం. గాలి జోరుగా ఉండి తేడా మూడు నాలుగు డిగ్రీలే ఉంటే అప్పుడు గ్యాస్ వైపో, కంప్రెసర్ వైపో చూడాలి. ఇన్వర్టర్ ఏసీ అయితే రిమోట్‌లో 16 పెట్టి, ఫ్యాన్ హై మీద ఉంచి, కాసేపు నడిచాకే కొలవాలి. లేకపోతే కంప్రెసర్ నెమ్మదిగా తిరుగుతూ మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది.

ఫిల్టర్ కడిగినా గాలి రాలేదంటే టార్చ్ వేసి బ్లోయర్ చూడండి. పొడవాటి ఆ చక్రానికి ఉండే సన్నని రెక్కల లోపలి వంపుల్లో నూనె కలిసిన దుమ్ము మెత్తగా అతుక్కుని ఉంటుంది. వంటింటి పక్క గదుల్లో ఇది మరీ ఎక్కువ. రెక్కల వంపు నిండితే మోటారు ఎంత తిరిగినా గాలి పట్టదు. బ్లోయర్ శుభ్రంగానే ఉంటే మోటారు వేగం చూడాలి. పాత రకం ఏసీల్లో ఇండోర్ మోటారుకు చిన్న కెపాసిటర్ ఉంటుంది. అది బలహీనపడితే మోటారు ఈడుస్తూ తిరుగుతుంది. ఇన్వర్టర్ ఏసీల్లో చాలావాటికి బీఎల్‌డీసీ మోటారు ఉంటుంది, దాని వేగం పీసీబీ (సర్క్యూట్ బోర్డు) చేతిలో ఉంటుంది. బేరింగ్ అరిగినా, ఇంట్లో వోల్టేజీ పడిపోయినా గాలి తగ్గుతుంది కాబట్టి మల్టీమీటర్ వాడటం బాగా వచ్చి ఉండాలి.

ఆఫీసుల్లో, పెద్ద ఇళ్లలో ఉండే డక్ట్ ఏసీల దగ్గర లెక్కలు మొదలవుతాయి. ఒక టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలన్నది ఈ వృత్తిలో అందరూ వాడే కొలత. రెండు టన్నుల మిషన్‌కు 800 రావాలి. గాలంతా బయటికొచ్చే దారి రెండు చదరపుటడుగులు, అక్కడ గాలి వేగం కొలిచే అనిమోమీటర్ చూపించిన వేగం నిమిషానికి 300 అడుగులు అనుకుందాం. గుణిస్తే 600. జాలీ కడ్డీలు ఆక్రమించే చోటు తీసేస్తే ఇంకా తక్కువ. మిగతా గాలి ఎక్కడ పోయింది? ఫాల్స్ సీలింగ్ పైన ఫ్లెక్సిబుల్ డక్ట్ నలిగి ఉండొచ్చు, జాయింట్ ఊడి ఉండొచ్చు, ఎవరో డ్యాంపర్ మూసి మరిచిపోయి ఉండొచ్చు, రిటర్న్ గ్రిల్‌కు అడ్డంగా బీరువా పెట్టి ఉండొచ్చు. పదో తరగతి లెక్కలు వచ్చినవారు దీనికి భయపడక్కర్లేదు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఇదే తెలివితేటలు ఇళ్ల ఏసీలను దాటి చాలా దూరం తీసుకెళ్తాయి. హైదరాబాద్ ఫార్మా కంపెనీల క్లీన్ రూముల్లో ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్లు గదిలోకి ఎంత గాలి పంపుతున్నాయో క్రమం తప్పకుండా కొలిచి రాసిపెట్టాలి. డేటా సెంటర్లలో గాలి తగ్గితే సర్వర్లు ఆగిపోతాయి. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో బస్తాల మధ్య గాలి ఆడకపోతే సరుకు పాడవుతుంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ వంటి సంస్థల ఏసీ కర్మాగారాలున్నాయి. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారిలోనూ ఏసీ పని తెలిసినవారు ఉంటారు. వెళ్లాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్లండి. తెలంగాణవారికి ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది.

చదువు విషయానికొస్తే, పది పాసైతే ఐటీఐలో రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ ట్రేడ్ రెండేళ్లు. ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్‌ను దయచేసి వదులుకోకండి. స్టైపెండ్ తక్కువని చాలామంది మానేస్తారు, అది నాకు బాధ కలిగిస్తుంది. సీనియర్ పక్కన నిలబడి చూసే అవకాశం తర్వాత డబ్బు పెట్టినా దొరకదు. కొద్ది వారాల షార్ట్‌టర్మ్ కోర్సులు ఇప్పటికే పనిలో ఉన్నవారికి ఉపయోగమే కానీ, కొత్తవారికి అవి మాత్రమే చాలవు.

ఇందులో కష్టం కూడా తెలిసే రావాలి. వేసవిలో తినడానికి తీరిక ఉండదు, వానల్లో పని పలచబడుతుంది. అందుకే సొంతంగా చేసేవారు ఏడాది నిర్వహణ ఒప్పందాల మీద ఆధారపడాలి. మూడో అంతస్తు సజ్జ మీద అవుట్‌డోర్ యూనిట్ దగ్గరికి సేఫ్టీ బెల్టు లేకుండా దిగమని ఎవరు చెప్పినా దిగకండి. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వస్తున్న ఆర్-32 గ్యాస్‌కు మండే గుణం ఉంది. గ్యాస్ పూర్తిగా తీయకుండా బ్రేజింగ్ మంట దగ్గరికి తేకూడదు. లీకేజీ పరీక్షకు నైట్రోజన్ వాడాలి, ఆక్సిజన్ ఎప్పటికీ వాడకూడదు.

ఐటీఐలో చేరేముందు ఒకసారి వెళ్లి ల్యాబ్ చూసి రండి. నడిచే స్ప్లిట్ ఏసీలు ఎన్ని ఉన్నాయో, విద్యార్థుల చేత విప్పించి బిగిస్తారో లేదో అడగండి. వాక్యూమ్ పంపు, అనిమోమీటర్ అద్దాల బీరువాలో ఉన్నాయా, బల్ల మీద ఉన్నాయా గమనించండి. రెండో ఏడాది చదువుతున్న కుర్రాడు దొరికితే, గాలి తగ్గిన ఏసీని ముందు ఎక్కడ చూస్తావని అడగండి.