రేకుల ఇంటి అటక మీద విత్తనం ఉడికిపోకుండా ఏం వేసుకోవాలి?

జీవామృతం డ్రమ్ము నీడలోనే పెట్టాలని మనందరికీ తెలుసు. కానీ ఏడాదంతా కష్టపడి కాపాడుకున్న దేశవాళీ విత్తనాన్ని మాత్రం తీసుకెళ్లి రేకుల కింద అటక మీద పెడతాం. నేనూ అదే చేశాను. ఒక ఏడాది నవార, కుజిపటాలియా, ఇంటి బీర విత్తనాలు ఎండాకాలం మొత్తం అటక మీదే ఉండిపోయాయి. తొలకరికి తడి గోనెలో 100 గింజలు కట్టి చూస్తే బీర 40 కూడా మొలవలేదు. బీర మళ్లీ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోవచ్చు, కొన్ని రకాలు పోతే పోయినట్టే కదండీ.

విత్తన శాస్త్రంలో హారింగ్టన్ సూత్రం అని ఒకటుంది. నిల్వ చేసే చోట వేడి 5 డిగ్రీలు తగ్గితే విత్తనం ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుంది, గింజలో తేమ 1 శాతం తగ్గినా అంతే. అంటే పైకప్పు మీద పెట్టే ఖర్చు మన నిద్ర కోసమే కాదు, విత్తనం కోసం కూడా.

బ్రిటన్ లాంటి చలి దేశాల్లో అటక మీద 270 మిల్లీమీటర్ల మందం ఉన్ని పరుస్తారు. వాళ్ల బాధ ఇంట్లో వేడి పైకి పోతుందని, మన బాధ పైనుంచి వేడి కిందికి దిగుతుందని. అందుకే మనం మొదలుపెట్టాల్సింది ఇంటి లోపల కాదు, రేకు పైన. ఎండని అక్కడే వెనక్కి పంపాలి. సిమెంటు రేకుకి సున్నం రెండు మూడు పూతలు వేస్తే చాలా తేడా వస్తుంది. ఇనుప రేకు మీద సున్నం నిలవదు, దానికి తెల్ల కూల్ రూఫ్ పెయింటే మేలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ ఉద్దేశంతోనే. రేకు మీద నేరుగా కాలు పెట్టకండి, దూలాలకు అడ్డంగా చెక్క వేసుకుని దాని మీదే నడవండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని కొయ్యడం, పొడిగా రుద్దడం, రంధ్రాలు పెట్టడం వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఇక లోపల. వెండిరంగు ఫాయిల్ షీటు వేసేవాళ్లు చాలామంది రేకుకి అంటించేస్తారు. అలా చేస్తే దాని పని సగం పోయినట్టే. రేకుకీ ఫాయిల్‌కీ మధ్య కనీసం 1 అంగుళం గాలి ఖాళీ ఉండాలి. మెరిసే వైపు కిందికి ఉంటే దుమ్ము పట్టదు.

గ్లాస్ ఊల్ బాగానే పనిచేస్తుంది, కానీ తడిస్తే, అణిగితే దండగ. ఒంటికి దురద, పైగా విత్తనాల పక్కన ఆ పోగులు నాకు ఇష్టం లేదు. థర్మాకోల్ చవక, కానీ ఎలుకలు తొలిచేస్తాయి, నిప్పు అంటుకుంటే విషపు పొగ.

మన చేతిలో ఉన్నది వరి ఊక, గడ్డి. గ్లాస్ ఊల్ 2 అంగుళాలు చేసే పనిని ఎండుగడ్డి దాదాపు 3 అంగుళాలు చేస్తుంది, అంతే తేడా. నేను ఊకే ఎంచుకున్నాను. అందులో సిలికా ఎక్కువ, తొందరగా కుళ్లదు. కానీ తవుడు లేని ఊక కావాలి, తవుడు ఉంటే పురుగు, దాని వెనకే ఎలుక. రెండు రోజులు బాగా ఎండబెట్టి, కొంచెం పొడి సున్నం, ఎండు వేపాకు కలిపి, గోనె సంచుల్లో పలచగా నింపి కుట్టేశాను. విడిగా పోస్తే గాలికి దుమ్ము రేగి అన్నం కంచంలో పడుతుంది (మా ఇంట్లో పడింది, ఆ తిట్లు వేరే కథ).

10 అడుగులు, 12 అడుగుల గదికి 4 అంగుళాల మందం వేస్తే బరువు 100 కిలోలు దాటుతుంది. వెదురు తడిక ఒక్కటే మొయ్యదు, రెండడుగులకో వాసం ఉండాలి. ఊక మంట లేకుండా లోలోపలే రాజుకుంటుంది. కాబట్టి కరెంటు వైర్లు పైపులోనే పోవాలి, పొయ్యి ఉన్న గది మీద ఊక అసలు వద్దు. రేకు కారుతుంటే ముందు అది బాగుచేసుకోండి.

ఇంకొకటి. మందంగా కప్పిన ఇల్లు రాత్రి చల్లబడటం కూడా ఆలస్యమే. గోడ పైభాగంలో రెండు వైపులా జాలీలు పెట్టి, పొద్దుగూకగానే కిటికీలు తెరవాలి.

రాయలసీమ చౌడు మిద్దెల వాళ్లకి ఇదంతా అక్కర్లేదు, వాళ్ల పెద్దలు ఎప్పుడో చేసిపెట్టారు. స్లాబు ఇళ్లకి పైన తెల్ల పూత, కుదిరితే బోర్లించిన కుండలు చాలు.

ఇంత చేసినా మేలైన విత్తనాన్ని అటక మీద పెట్టకండి. బాగా ఎండబెట్టి, బూడిద కలిపి, మూత బిగించి, కింది గదిలో ఉత్తరం గోడ వైపు పెట్టుకోండి. మొలక పరీక్ష మాత్రం ఏటా తొలకరికి నెల ముందే చేసుకోండి, తక్కువ వస్తే ఇంకో రైతుని అడిగి తెచ్చుకునే టైమైనా ఉంటుంది. సంచులు కుట్టే విధానం, వాసాలు అమర్చడం వీడియోలో చూపించాను.