కార్పెట్ కింద ఓక్ నేల

ప్రశ్న: న్యూజెర్సీలో 1920ల నాటి ఇల్లు కొన్నాం. హాల్లో కార్పెట్ లేపితే కింద ఓక్ చెక్క నేల బయటపడింది. నిండా గీతలు, కిటికీ దగ్గర రెండు నల్ల మరకలు. మెషీన్ అద్దెకు తెచ్చి శాండింగ్ చేసేద్దామంటున్నారు మావారు. చెయ్యొచ్చాండీ?
— ఒక పాఠకురాలు

జవాబు: మీవారిని రెండ్రోజులు ఆగమనండి. ఆ మెషీన్ తినేసిన చెక్క మళ్లీ రాదు. ఓక్ పలక సాధారణంగా ముప్పావు అంగుళం మందం. కానీ పక్క పలక గాడిలో దూరే అంచుకు పైనున్న పావు అంగుళమే అరగదీయడానికి మన చేతిలో ఉండేది. అందులో మీకు ముందున్నవాళ్లు ఎంత ఖర్చుపెట్టారో! నేలలో హీటరు జాలీ ఉంటే ఎత్తి పలక అంచు చూడండి, తెలిసిపోతుంది. కొన్ని ఇళ్లలో ముప్పావు అంగుళంలో సగం మందం పలకలే వేశారు.

తర్వాత నేల మీద అక్కడక్కడ నీటి చుక్క వేయండి. ముత్యంలా నిలిస్తే పై పూత ఇంకా బతికే ఉన్నట్టు. చుక్క ఇంకి చెక్క నల్లబడితే పూత పోయినట్టే. ఓ మూల డీనేచర్డ్ ఆల్కహాల్ అద్ది రుద్దండి. జిగురుగా కరిగితే అది షెలాక్, అంటే మన లక్కే. దాని మీద పాలీయురెథేన్ సరిగా అంటుకోకపోవచ్చు.

నల్ల మరకల సంగతి మన కలంకారీవాళ్లకు బాగా తెలుసు. కరక్కాయలో ముంచిన గుడ్డ మీద ఇనుము నానిన బెల్లం నీరు తగిలితే నల్లబడుతుంది. ఓక్‌లోనూ కరక్కాయలోని వగరే ఉంది. నీళ్లు, ఇనుము కలిస్తే అదే నలుపు. ఆక్జాలిక్ యాసిడ్ చాలా మటుకు వదలగొడుతుంది. విషం కాబట్టి గ్లవ్స్ వేసుకోండి, తర్వాత బాగా కడగండి, ఎండిన పొడి పీల్చొద్దు. కుక్క మూత్రం లోతుగా దిగి ఉంటే మటుకు ఆ పలక మార్చాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యం: అమెరికా ఇళ్లలో సీసం రంగులను 1978లో నిషేధించారు. మీది అంతకన్నా పాతది. పాత రంగులో, వార్నిష్‌లో సీసం ఉందేమో పరీక్ష చేయించాకే దుమ్ము లేపండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీనూ. ఇక చేతికి కొత్త అయితే డ్రమ్ము శాండర్ జోలికి పోవద్దు, ఒక్క క్షణం ఆగితే గుంట పడుతుంది. ఆర్బిటల్ నిదానం, కానీ తప్పులు ఓర్చుకుంటుంది.

ప్రశ్న: ఇండియా నుంచి వచ్చిన అమ్మ, మా చెక్క నేలకు రోజూ బకెట్ నీళ్లతో తడిగుడ్డ పెడుతోంది. పైగా చలికాలంలో పలకల మధ్య సందులొచ్చాయి. పూడ్చాలా?
— ఒక పాఠకుడు

జవాబు: అమ్మకు బకెట్ బదులు పిండేసిన మైక్రోఫైబర్ గుడ్డ ఇవ్వండి. నీళ్లు సందుల్లోకి దిగితే అంచులు పైకి లేస్తాయి. సందులు హీటరు గాలికి చెక్క ముడుచుకోవడం వల్ల వచ్చినవి. వేసవి తేమకు వాటంతటవే మూసుకుంటాయి. ఇప్పుడు పుట్టీ కుక్కితే అప్పుడు అదే బయటికి పొడుచుకొస్తుంది.