మోటుపల్లి రేవు – వెనిస్ యాత్రికుడు

కొత్తవలసలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు మార్కోపోలో దగ్గర మార్కు పోగొట్టుకుంటే బాధేస్తుంది. వెనిస్ ఆయన ఊరు. కాకతీయ రాజ్యాన్ని ‘ముత్ఫిలి’ అన్నాడు. అది మన మోటుపల్లి పేరే. సాలెగూడంత పల్చని బట్టల్ని మెచ్చుకున్నాడు. కానీ రుద్రమదేవిని రాజు భార్యగా రాశాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. బిట్టు ఇక్కడే వస్తుంది, జాగ్రత్త.

మోటుపల్లి వీరభద్రాలయంలోని అభయ శాసనం (1244-45) చదివితే మనసు నిండుతుంది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారు. గణపతిదేవుడు అది మాన్పించి, ముప్పయ్యో వంతు సుంకం చాలన్నాడు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా అక్కడ వర్తకులకు శాసనం వేయించాడు.