చలికాలపు పనికి సెకండ్ హ్యాండ్ డీజిల్ పికప్: రెండింటిలో ఏది?

ముందు ఒక్క విషయం తేల్చుకోండి. మీకు అసలు డీజిల్ ట్రక్ కావాలా? అల్బెర్టాలో సైట్ పనికో, హాట్‌షాట్ అనే అత్యవసర కిరాయి లోడ్లకో, మంచు ఎత్తే కాంట్రాక్టుకో దిగుతున్న మనవాళ్లలో చాలామంది ముందు డీజిల్ ట్రక్ కొనేసి, తర్వాత దానికి పని వెతుకుతున్నారు. వారంలో నాలుగైదు రోజులు వెనక బరువైన ట్రెయిలర్ ఉంటేనే డీజిల్ మీద పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. టూల్స్ వేసుకుని ఎడ్మంటన్ ఊళ్లోనే పది పదిహేను కిలోమీటర్లు తిరిగే ఎలక్ట్రీషియన్‌కి, పెయింటర్‌కి పెట్రోల్ ట్రక్కే మేలు. చలిలో చిన్న దూరాలకు డీజిల్ ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. దాని మసి ఎగ్జాస్ట్‌లోని డీపీఎఫ్ ఫిల్టర్‌లో పేరుకుంటుంది. ఆ మసిని కాల్చేసుకునే రీజెన్ మొదలయ్యేలోపే మీరు ఇంటికొచ్చి ఇంజన్ ఆపేస్తారు. ఇలా ఒకటి రెండు చలికాలాలు గడిస్తే వర్క్‌షాప్ బిల్లు మైలేజీలో మిగిలిందంతా తినేస్తుంది.

ట్రెయిలర్ ఖాయం అనుకున్నవాళ్లు ఇక చదవండి.

నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఈ వరసలో ఉంటుంది. ఒక వైపు 2014 రామ్ 2500, 6.7 లీటర్ల కమిన్స్ ఇంజన్. ఇంకో వైపు 2014 జీఎంసీ సియెరా 2500హెచ్‌డీ, 6.6 లీటర్ల డ్యూరామాక్స్. రెండూ ఫోర్ బై ఫోర్. లెక్క సులువుగా ఉండడానికి రామ్ 2,60,000 కిలోమీటర్లు తిరిగిందని, ధర 24,000 డాలర్లని అనుకుందాం. సియెరా 2,10,000 కిలోమీటర్లు, 26,500 డాలర్లు. ఏది తీసుకోవాలి?

ఇక్కడ అందరూ కిలోమీటర్లు చూసి, ధర చూసి, ఇంజన్ పేరు మీద వాదన మొదలుపెడతారు. నేను మొదట చూసేది ఇంజన్ అవర్స్. రెండు ట్రక్కుల్లోనూ డ్యాష్‌బోర్డు మెనూలోనే కనిపిస్తాయి. రామ్‌లో 9,100 గంటలు ఉన్నాయనుకోండి. కిలోమీటర్లను గంటలతో భాగిస్తే సగటు వేగం గంటకు 28 కిలోమీటర్ల చిల్లర. సియెరాలో 4,200 గంటలైతే సగటు 50. మొదటిది రోడ్డు మీద కంటే ఆయిల్‌ఫీల్డ్ లీజు మీద ఇంజన్ ఆపకుండా నిలబడ్డ సమయమే ఎక్కువ. మైనస్ 30లో డ్రైవర్ క్యాబ్‌లో వెచ్చగా కూర్చోవాలి కాబట్టి ఇంజన్ ఆపరు. ఆ గంటలు ఓడోమీటర్‌లో చేరవు. టర్బోలో కదిలే రెక్కలు మసితో బిగుసుకోవడం, ఎగ్జాస్ట్ వాయువును తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ మూసుకుపోవడం, డీపీఎఫ్ నిండిపోవడం, ఇవన్నీ నిలబెట్టి నడిపిన ఇంజన్ జబ్బులు. ఆయిల్ మార్పులు కిలోమీటర్ల లెక్కన చేశారా, గంటల లెక్కన చేశారా అని అడగండి. కిలోమీటర్ల లెక్కన చేసి ఉంటే ఆ ఇంజన్ పాత నూనెతో చాలాకాలం పనిచేసినట్టే.

ఇప్పుడు ఇంజన్ల సంగతి. ప్రతి ఇంజన్‌కీ ఒక పేరుమోసిన బలహీనత ఉంటుంది. అది ఎంత ఖరీదైనదన్నదే తేడా.

సియెరాలోని డ్యూరామాక్స్ ఎల్‌ఎంఎల్ తరానిది, 2011 నుంచి 2016 దాకా వచ్చింది. దాని అసలు ప్రమాదం బాష్ సీపీ4 అనే హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు. ఈ పంపుకు లూబ్రికేషన్ ఇచ్చేది డీజిలే. ఉత్తర అమెరికాలో అమ్మే తక్కువ సల్ఫర్ డీజిల్‌కు ఆ కందెన గుణం సహజంగానే తక్కువ, అడిటివ్‌లతో సరిచేసి అమ్ముతారు. పైగా ఈ తరం డ్యూరామాక్స్‌కు ట్యాంకు వైపు నుంచి ఇంధనం తోసే లిఫ్ట్ పంపు కంపెనీ ఇవ్వలేదు. లాక్కోవలసింది కూడా ఆ సీపీ4 పంపే. ఇంధనంలో గాలో నీళ్లో చేరినా, ఫిల్టర్ మూసుకుపోయినా పంపు లోపల లోహం లోహాన్ని రాసుకుంటుంది. ఒకసారి అరగడం మొదలైతే ఆ రజను ఇంజెక్టర్ల దాకా, తిరిగి ట్యాంకు దాకా పోతుంది. అప్పుడు మార్చవలసింది పంపు ఒక్కటే కాదు, ఫ్యూయల్ సిస్టం మొత్తం. బిల్లు 10,000 డాలర్ల దాకా పోతుంది, దాటడమూ ఉంది. కొనేముందు డీజిల్ మెకానిక్ చేత పంపు మీదున్న ప్రెషర్ రెగ్యులేటర్ విప్పించి చూడండి. లోపల మెరిసే రజను కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. శుభ్రంగా ఉంటే, కొన్న వెంటనే బైపాస్ కిట్ వేయించండి. పంపు పోయినా రజను ఇంజెక్టర్లలోకి పోకుండా అది కాపాడుతుంది. ఇక గేర్‌బాక్స్ విషయంలో సియెరాకు వంక పెట్టలేం. ఆలిసన్ 1000 బరువులు లాగడానికి పుట్టిన పెట్టె.

రామ్‌లో ఆ ఏడాది పంపు పాత సీపీ3, మొండి సరుకు. ఇంధనం తోయడానికి ట్యాంకులో లిఫ్ట్ పంపు ఉంది. కమిన్స్‌కు గ్లో ప్లగ్గులు ఉండవు. లోపలికి పోయే గాలిని గ్రిడ్ హీటర్ వేడి చేస్తుంది. బలహీనత అక్కడే ఉంది. ఆ హీటర్‌కు కరెంటిచ్చే బోల్టు వేడికి తినుకుపోయి, దాని నట్టు ఊడి ఇంజన్‌లోకి పడిపోవచ్చు. పడితే పిస్టన్ పోతుంది, ఇంజనే పోతుంది. అయితే ముందే విప్పి చూసి మార్చుకునే కిట్లు బజారులో ఉన్నాయి, వాటి ఖర్చు వందల్లోనే. రామ్‌కు రెండో తలనొప్పి 68ఆర్‌ఎఫ్‌ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. మామూలు లోడుకు ఓర్చుకుంటుంది. ఇంజన్ ట్యూన్ చేయించి, బరువు లాగి ఉంటే మాత్రం గేర్లు జారడం మొదలవుతుంది. ముందువైపు సాలిడ్ యాక్సిల్ కాబట్టి ట్రాక్ బార్, బాల్ జాయింట్లు అరిగితే హైవే మీద ఏ గతుకులోనో పడగానే స్టీరింగ్ భయపెట్టేలా ఊగిపోతుంది. టెస్ట్ డ్రైవ్ సాఫీ రోడ్డు మీద చేసి సరిపెట్టుకోకండి.

జులైలో ట్రక్ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. చలికాలంలో ట్రక్‌ను బతికించే భాగాల మీద వేసవిలో భారం పడదు, కాబట్టి వాటి లోపమూ బయటపడదు. గ్లో ప్లగ్గులు, గ్రిడ్ హీటర్, బ్యాటరీలు, బ్లాక్ హీటర్ అన్నీ అంతే. అన్నిటికంటే మోసం చేసేది డెఫ్ ట్యాంకులోని హీటర్. డెఫ్ అంటే ఎగ్జాస్ట్ పొగను శుద్ధి చేసే ద్రవం, మూడో వంతు యూరియా, మిగతాది నీళ్లు. మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. గడ్డకట్టడం లోపం కాదు, ట్రక్ స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది, ఈలోపు హీటర్ దాన్ని కరిగిస్తుంది. హీటర్ పాడైతే కరగదు. అప్పుడు డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక, ఆ తర్వాత కంప్యూటరే వేగం అంచెలంచెలుగా తగ్గించేస్తుంది. ఎల్‌ఎంఎల్ డ్యూరామాక్స్‌లో ఈ హీటరు, నాక్స్ సెన్సర్లు పోవడం మామూలే. వేసవిలో కొంటుంటే స్కానర్ పెట్టించి పాత కోడ్‌లు చదివించండి. ఆ ఉదయమే కోడ్‌లు చెరిపేసిన జాడ ఉంటే అమ్మేవాడిని సూటిగా అడగండి.

బ్లాక్ హీటర్ చెక్ చేయడం తేలిక. ఇరవై ముప్పై డాలర్ల వాట్ మీటర్ మధ్యలో పెట్టి ప్లగ్ చేయండి. కమిన్స్‌ది సుమారు 750 వాట్లు చూపించాలి. సియెరాలో మాత్రం కార్డు ప్లగ్గులోనే థర్మోస్టాట్ ఉంటుంది, మైనస్ 18 కంటే చల్లబడితేనే కరెంటు పంపుతుంది. ఎండాకాలంలో మీటర్ సున్నా చూపిస్తే హీటర్ పోయిందని బేరం తెంపుకోవద్దు.

వీలైతే నవంబర్ తర్వాతే కొనండి. చూడడానికి ఉదయం వెళ్లండి. ముందురోజే అమ్మేవాడికి ఒక్కమాట చెప్పండి: రాత్రి ప్లగ్ చేయొద్దు, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు రండి, లేదా రాకండి. "మీరొస్తున్నారని వేడి చేసి ఉంచాను" అన్న మర్యాద ఖరీదైనది. మైనస్ 15, 20లో ప్లగ్ చేయకుండా స్టార్ట్ అయిన ఇంజన్ మొదట కొంచెం కుదురులేకుండా ఆడుతుంది, తెల్లపొగ వస్తుంది, కాసేపట్లో తగ్గాలి. వేడెక్కాక కూడా తెల్లపొగ పోకపోతే ఇంజెక్టర్లను అనుమానించండి. రామ్ స్టార్ట్ అయ్యాక వోల్ట్ మీటర్ ముల్లు కాసేపు పడుతూ లేస్తూ ఉంటుంది. అది గ్రిడ్ హీటర్ పని, భయపడనక్కర్లేదు. బ్యాటరీలు రెండుంటాయి. వాటి తేదీలు చూడండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే పాతది కొత్తదాన్ని కూడా ముంచుతుంది, మార్చితే రెండూ కలిపే మార్చాలి.

డిలీట్ చేసిన ట్రక్ గురించి. డీపీఎఫ్, డెఫ్ పీకేసి, కంప్యూటర్ ట్యూన్ చేసిన ట్రక్‌ను "చలిలో ఏ తలనొప్పీ ఉండదు" అని అమ్ముతారు. తలనొప్పి తగ్గేమాట కొంత నిజమే. కానీ అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం అది చట్టవిరుద్ధం, ఒంటారియోలోనూ కుదరదు. రేపు మీరు ప్రావిన్స్ మారినా, అమ్మాలన్నా, డీలర్‌కు ఇవ్వాలన్నా చిక్కే. పైగా ట్యూన్ చేసినవాడు నెమ్మదిగా నడపడానికి ట్యూన్ చేయడు. రామ్ అయితే ఆ దెబ్బంతా గేర్‌బాక్స్ మీద పడి ఉంటుంది.

కాగితాల దగ్గర కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా దెబ్బతింటున్నారు. అల్బెర్టాలో డీలర్ అయితే లైసెన్సు ఉండాలి, మెకానికల్ ఫిట్‌నెస్ అసెస్‌మెంట్ కాగితం చేతికివ్వాలి. ప్రైవేటుగా కొంటే ఆ రక్షణ లేదు. ఐదు శాతం జీఎస్‌టీ మిగులుతుందని సంబరపడి లీన్ సెర్చ్ మానేయకండి. రిజిస్ట్రీ ఆఫీసులో విన్ నంబర్ ఇస్తే ఆ ట్రక్ మీద అప్పుందో లేదో చెబుతారు. అప్పు మనిషితో పోదు, ట్రక్‌తో మీ ఇంటికొస్తుంది. ఇంకొకటి, సొంత వాడకానికి చేసిన ఇన్సూరెన్సుతో కిరాయి లోడ్లు లాగితే, ప్రమాదం జరిగిన రోజున కంపెనీ చెల్లించకపోవచ్చు. ట్రక్ కొనకముందే బ్రోకర్‌కు పని ఏమిటో చెప్పి ప్రీమియం ఎంతో కనుక్కోండి. ఆ అంకె చూశాక కొందరు ట్రక్ ఆలోచనే మానుకున్నారు, అదీ మంచిదే.

డబ్బు మొత్తం ట్రక్‌కే పెట్టొద్దు. చేతిలో 30,000 ఉంటే 24,000 ట్రక్కే చూడండి. మిగిలిన ఆరువేలలో వింటర్ టైర్లు, రెండు బ్యాటరీలు, ఫిల్టర్లు, 5డబ్ల్యూ-40 సింథటిక్ ఆయిల్ పోగా రిపేరుకు కొంత మిగలాలి. వాయిదాల మీద కొని, మొదటి జనవరిలో రిపేరుకు క్రెడిట్ కార్డు గీకినవాళ్ల ట్రక్కులే మార్చిలో అమ్మకానికి వస్తాయి. టైర్ల మీద మంచుపర్వతం, స్నోఫ్లేక్ గుర్తు ఉండాలి. బ్రిటిష్ కొలంబియా కనుమల్లోకి లోడు తీసుకెళ్తే అక్టోబర్ 1 నుంచి వింటర్ టైర్లు చట్టం. ఫోర్ బై ఫోర్ కదిలిస్తుందే గానీ ఆపదు. ఖాళీ ట్రక్‌లో ముందు ఇంజన్ బరువు, వెనక ఏమీ లేక తోక జారుతుంది. వెనక యాక్సిల్ మీద ఇసుక బస్తాలు వేసి కట్టండి. మంచుగడ్డ మీద ఎగ్జాస్ట్ బ్రేక్ ఆపేయండి, అది వెనక చక్రాలనే పట్టి లాగుతుంది.

ఇంధనం విషయంలో ఎక్కువమంది చేసే తప్పు ట్రక్ వెనక పెట్టుకునే అదనపు డీజిల్ ట్యాంకులో, అంటే స్లిప్ ట్యాంకులో జరుగుతుంది. చలికాలంలో ఎడ్మంటన్ బంకుల్లో వచ్చే డీజిల్ ఇక్కడి చలికి తగ్గట్టే ఉంటుంది. ఆగస్టులో నింపి మరిచిపోయిన స్లిప్ ట్యాంకు డీజిల్‌ను డిసెంబర్‌లో ఎక్కించుకుంటే, లేదా వాంకూవర్ వైపు ట్యాంకు నింపుకుని మైనస్ 35లోకి వస్తే, మైనం పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది. యాంటీ జెల్ గడ్డకట్టకముందు పోస్తేనే పనిచేస్తుంది. గడ్డకట్టాక కావలసింది వేరే మందు, కొత్త ఫిల్టరు. అవి రెండూ, దుప్పట్లతో పాటు క్యాబ్‌లో ఉంచుకోండి. ఫోర్ట్ మెక్‌మరీకి వెళ్లే హైవే 63 మీద ఒక బంకుకూ ఇంకో బంకుకూ మధ్య చాలా దూరం. పాతకాలం వాళ్లు చెప్పినట్టు డీజిల్‌లో పెట్రోల్ కలపొద్దు, సీపీ4 పంపు దానికి బతకదు.

ఇక ఆ రెండు ట్రక్కుల సంగతి. గంటలు, నిర్వహణ సమానంగా ఉంటే చలికి నా ఓటు రామ్‌కే. దాని లోపాన్ని కొన్ని వందల డాలర్లతో ముందే ఆపొచ్చు, మంచు నెట్టే ప్లౌ తగిలించాలన్నా ఆ సాలిడ్ యాక్సిల్ మోస్తుంది. కానీ పైన చెప్పిన అంకెలతో, 9,100 గంటల రామ్ నాకొద్దు. పంపు రెగ్యులేటర్ శుభ్రంగా ఉంటే, బైపాస్ కిట్ ఖర్చు ధరలో తగ్గించుకుని సియెరా తీసుకుంటాను. కోల్డ్ స్టార్ట్ చూపించడానికి ఇద్దరూ ఒప్పుకోకపోతే రెండూ వదిలేయండి. అల్బెర్టాలో ఈ తరగతి ట్రక్కులకు కొరత లేదు.