దామెర్ల రామారావుగారు

చిత్రలేఖనపు గంటలో కొండను వ్రాయుమనగానే మన పిల్లలలో పలువురు రెండు త్రికోణములు గీసి వాని నడుమ సూర్యుని నిలుపుదురు. తల యెత్తి చూచినచో వెలికొండలు కనబడుచునే యుండును. వానిలో నొక్కటియు త్రికోణము కాదు. ఇది చూచియే రామారావుగారి సంగతి బాలబాలికలకు జెప్ప దలచితిమి.

వారు 1897వ సంవత్సరమున రాజమహేంద్రవరమున జన్మించిరి. సోమశిలయొద్ద మన పెన్న వెలికొండలను జీల్చుకొని వచ్చునట్లే, ఆ పట్టణమునకు ఎగువను గోదావరి పాపికొండల సందునుండి వెలువడును. చిన్ననాటనే ఆయనకు బొమ్మలయందు మక్కువ. అచటి కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు తామును చిత్రకారులగుటచే ఆ చేతి నేర్పును గుర్తించిరి. వారి ప్రోత్సాహముననే రామారావుగారు 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు వెళ్లిరి.

అచట పాశ్చాత్యుల వెలుగునీడల పద్ధతి నేర్చిరి. అజంతా గోడలమీది రేఖల సొగసును ఎఱుగుదురు. రెంటినుండియు గ్రహించిరి గాని దేనికిని నకలు వ్రాయలేదు. 'పుష్పాలంకారము' మొదలగు చిత్రములందు మనుష్యుల రూపములు సన్నని తీగలవలె సాగియుండును. మాకు మాత్రము వారు వ్రాసిన గోదావరీ దృశ్యములే ఎక్కువ ప్రియము.

నీటిరంగుల పని సులభమని తలంపకుడు. వెలుగు పడిన చోట తెల్లరంగు పూయుటకంటె కాగితపు తెలుపునే విడిచిపెట్టుట మేలు. అనగా కుంచె ముంచక మునుపే, నీటిమీద ఎండ యెచట మెఱయుచున్నదో కన్ను తేల్చుకొనవలెను. పూసిన రంగును తుడిచి దిద్దుట కష్టము. మన నెల్లూరి ఎండలో నది క్షణములో ఆఱిపోవును!

స్వస్థలమునకు వచ్చి 1923లో యువకులకు ఈ విద్య నేర్ప నారంభించిరి. భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రములు వ్రాసినవారే. 1925వ సంవత్సరమున మశూచికము సోకి, ఇరువదియెనిమిది యేండ్లు నిండకమునుపే రామారావుగారు గతించిరి. మిత్రులగు వరదా వెంకటరత్నముగారు ఆ విద్యాదానమును సాగించిరి. రాజమహేంద్రవరమున రామారావుగారి పేర వెలసిన చిత్రశాలలో వారి చిత్రములను నేటికిని చూడవచ్చును.

వచ్చు శనివారము ఉదయమున ఆఱవ తరగతివారిని సోమశిల జలాశయపు గట్టునకు దీసికొని పోవుదుము. తెల్లవాఱినప్పుడొకటి, ఎండ యెక్కినపిదప నొకటి, ఒకే కొండను రెండు మాఱులు వ్రాయవలెను. కొలబద్ద తేగూడదు. తలిదండ్రులు పిల్లలకు చద్దిమూటలు కట్టి పంప గోరెదము.