నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది

"రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలే తింటున్నాను సిస్టర్, అయినా బరువు తగ్గడం లేదు" అని చాలామంది అంటుంటారు. అలాంటివారు ఏమి తింటున్నారో చూసుకోవడంతో పాటు ఎన్ని గంటలు నిద్రపోతున్నారో కూడా చూసుకోవాలి.

మన ఆకలిని నడిపే హార్మోన్లలో రెండు ముఖ్యమైనవి. జీర్ణాశయంలో తయారయ్యే గ్రెలిన్ ఆకలి పుట్టిస్తుంది. కొవ్వు కణాల నుండి వచ్చే లెప్టిన్ "ఇక చాలు" అని మెదడుకు తెలుపుతుంది. 2004లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చారు. 10 గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే వారిలో లెప్టిన్ 18 శాతం తగ్గి, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీద కోరిక ఎక్కువైంది. తరువాతి పరిశోధనలన్నింటిలో హార్మోన్ల మార్పు ఒకేలా లేకపోయినా, నిద్ర చాలనివారు ఎక్కువ తింటారని పలుమార్లు తేలింది.

నిద్ర పెంచితే? 2022లో వెలువడిన మరొక పరిశోధనలో, అధిక బరువుండి తక్కువ నిద్రపోయే 80 మందిలో కొందరు రోజూ గంటకు పైగా అదనంగా నిద్రపోయారు. పథ్యమేమీ చెప్పకపోయినా, మిగతావారితో పోలిస్తే రోజుకు సుమారు 270 కేలరీలు తక్కువ తిన్నారు.

కాబట్టి రాత్రి పొద్దుపోయాక జంతికల డబ్బా మీదికి చెయ్యి పోతే అది తిండిపోతుతనమని నిందించకండి.

పాటించవలసినవి:

1. పెద్దలు రోజుకు కనీసం 7 గంటలు నిద్రపోవాలి.
2. సాయంత్రం నుండి కాఫీ, టీ మానండి.
3. పడుకోవడానికి రెండు, మూడు గంటల ముందే భోజనం ముగించండి.
4. టీవీ కట్టేసి, సెల్‌ఫోన్ మంచానికి దూరంగా ఉంచండి.
5. నైట్ డ్యూటీ చేసినవారిని పగలు చీకటి గదిలో పడుకోనివ్వండి. మధ్యలో లేపకండి.
6. డాక్టరు చెప్పనిదే నిద్రమాత్రలు వాడవద్దు.

జాగ్రత్త: షుగరుకు ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడేవారు బరువు తగ్గాలని సొంతంగా రాత్రి భోజనం మానకూడదు. అర్ధరాత్రి ఆకలితో పాటు చెమటలు, వణుకు వస్తే రక్తంలో చక్కెర పడిపోయి ఉండవచ్చు. మెలకువగా ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగించండి, డాక్టరుకు తెలపండి. స్పృహ లేకపోతే నోట ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకురండి. గట్టిగా గురక పెడుతూ, ఊపిరి ఆగినట్లై ఉలిక్కిపడి లేచేవారు కూడా పరీక్ష చేయించుకోవాలి.

నిద్ర ఒక్కటే బరువు తగ్గించదు. మితాహారం, నడక తప్పవు. కాని నిద్ర చాలకపోతే ఆ రెండింటినీ కొనసాగించడం కష్టం. ఈ రాత్రి నుండే అరగంట ముందుగా దీపం ఆర్పండి.