సేద్యపు కుంట పనులలో ఖర్చుల, మార్పుల నమోదు

పరిశోధన, విస్తరణ ప్రాజెక్టులలో ఖర్చు అంచనాను మించినప్పుడు ధరల పెరుగుదలనే కారణంగా చూపడం పరిపాటి. పని మధ్యలో వచ్చిన మార్పులను ఆనాడే నమోదు చేయకపోవడం కూడా అంతే ముఖ్యమైన కారణం. భూమిలో చేసే పనికి మార్పు సహజం. అయితే నమోదు కాని మార్పును తరువాత నిరూపించడం కష్టం. సేద్యపు కుంట నిర్మాణం ఇందుకు చక్కని ఉదాహరణ.

అంచనా

పైభాగం 20 × 20 మీటర్లు, లోతు 3 మీటర్లు, పక్కవాలు 1.5:1 గల కుంటకు అడుగుభాగం 11 × 11 మీటర్లు అవుతుంది. పై, మధ్య, అడుగు వైశాల్యాలు వరుసగా 400, 240.25, 121 చదరపు మీటర్లు. మధ్య వైశాల్యాన్ని నాలుగు రెట్లు చేసి, మిగిలిన రెండింటిని కలిపి, లోతులో ఆరవ వంతుతో హెచ్చించగా తవ్వకం పరిమాణం 741 ఘనపు మీటర్లు వస్తుంది. లెక్క సౌలభ్యం కొరకు ఘనపు మీటరుకు మట్టి తవ్వకం ధర రూ.100, మెత్తని రాతి తవ్వకం ధర రూ.250 అనుకొన్నచో, అంతా మట్టే అయితే ఖర్చు రూ.74,100.

మార్పు

2 మీటర్ల లోతున మెత్తని రాతి పొర తగిలినదనుకొన్నచో, మిగిలిన మీటరు తవ్వకం 157 ఘనపు మీటర్లు. దానిపై అదనపు భారం రూ.23,550. పని ఆపి, రాతి పొర మట్టాన్ని కొలిచి లెవెల్ పుస్తకంలో వ్రాసి, ఇరుపక్షాల సంతకాలు తీసుకొంటే లెక్క అక్కడితో తేలుతుంది. వ్రాయకుండా తవ్విన పిదప ఆ పొర కంటికి కనిపించదు. రాయి 1 మీటరు లోతునుండే ఉన్నదని గుత్తేదారు వాదిస్తే రాతి పరిమాణం 398 ఘనపు మీటర్లవుతుంది. వివాదంలో పడే మొత్తం రూ.36,150. ఒక్క కొలత వ్రాయనందువలన కలిగే నష్టమిది.

నమోదు వలన మరొక ప్రయోజనం కూడా ఉంది. 2 మీటర్ల వద్ద తవ్వకం ఆపి, 21 శాతం తక్కువ పరిమాణంతో సరిపెట్టుకోవడమా, అదనపు మంజూరు కోరడమా అని నిర్ణయించే అవకాశం తవ్వకానికి ముందే ఉంటుంది.

ఉంచవలసిన రికార్డులు

పరిమాణాలకు కొలతల పుస్తకం, యంత్రం పనిచేసిన గంటలకు లాగ్‌బుక్, కూలీలకు మస్టరు, సిమెంటు వంటి సామగ్రికి స్టాకు రిజిస్టరు, చెల్లింపులకు నగదు పుస్తకం అవసరం. వీటితోపాటు మార్పుల రిజిస్టరు ప్రత్యేకంగా ఉండాలి. అందులో ప్రతి మార్పుకు వరుస సంఖ్య, తేదీ, కారణం, పాత, కొత్త పరిమాణాలు, ఖర్చులోను గడువులోను వచ్చే తేడా, అనుమతించిన అధికారి సంతకం నమోదు కావాలి. అదే సంఖ్యను కొలతల పుస్తకంలోను, బిల్లుపైన వ్రాస్తే తనిఖీ సులభమవుతుంది.

నిజమైన నిల్వ

నగదు పుస్తకంలోని నిల్వ అంతా ఖర్చుకు అందుబాటులో ఉన్న సొమ్ము కాదు. మంజూరు రూ.1,50,000, చెల్లింపు రూ.60,000 అయితే పుస్తకంలో నిల్వ రూ.90,000 కనిపిస్తుంది. తవ్వకానికి ఇంకా చెల్లించవలసిన రూ.14,100, లైనింగు సామగ్రికి ఆర్డరు ఇచ్చిన రూ.45,000 తీసివేస్తే మిగిలేది రూ.30,900. రాతి తవ్వకం భారం కూడా పోగా చేతిలో ఉండేది రూ.7,350 మాత్రమే. కనుక చెల్లించినది, చెల్లించవలసినది, మార్పుల వలన పెరిగినది అనే మూడు గడులతో వారానికొకసారి నిల్వను తేల్చుకోవాలి.

ముగింపు

నిధులు తవ్వకానికే చెల్లిపోతే లైనింగు ఆగిపోతుంది. ఎర్రనేలలలో లైనింగు లేని కుంటలోని నీరు త్వరగా ఇంకిపోతుంది. బెట్ట సమయంలో పైరుకు రక్షక తడి అందదు. అందువలన మార్పుల రిజిస్టరును ఆడిట్ కొరకు చివరలో నింపే పుస్తకంగా కాక, పని జరిగే గట్టుమీదనే ఉంచి ఏ రోజుది ఆ రోజే వ్రాయవలసిన సాధనంగా విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు గుర్తించాలి.